ఉత్త గోలీ

చీటీ మీద అనసూయ అని రాసిండ్రు.
నేను అనసూర్యను.
నడుమునొప్పికి ఆ తేడా తెల్వదు గనక
ఊకున్న.

కొత్తవాడల ముప్పైరెండేండ్లు
జంపఖానాలు నేసిన నడుము.
ఎక్స్‌రేకు దొరకదు, పెద్ద మిషిన్ల పండవెట్టినా దొరకదు,
పంజా ఎత్తి పేక మీద కొట్టంగనే
తనంతల తనే దొరుకుతది.

ఎమ్జీఎమ్ల చిన్న డాక్టరమ్మ, తహసీన్ అట పేరు,
కుర్చీ ముందటికి జరుపుకొని
డబ్బా మూత తీసి చూపిచ్చింది:
"అమ్మా, ఇందుల మందు లేదు.
పిండి, అంతే.
మందని అబద్ధం చెప్పి ఇస్తలేను.
అయినా కొందరికి నొప్పి తగ్గుతున్నది,
ఎందుకో మేం ఇంకా చదువుతున్నం.
పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి, మూడు వారాలు.
నమ్మాలెనని లేదు.
మరువకుండ ఏసుకోవాలె."

నాకు నవ్వొచ్చింది.
"పిండికి పైసలెంత?" అన్న.
"ఉత్తగనే" అన్నది.
ఉత్తది, ఉత్తగనే.

ఇంటికాడ రాజవీరు పడి పడి నవ్విండు.
"మనింట్ల పిండి లేదానె,
ఆటో కిరాయి పెట్టి తెచ్చుకున్నవ్?"

డబ్బాను దేవుని అర్రల పెట్టలే.
అబద్ధమాడని దానికి దేవుని చాటెందుకు?
మగ్గం పక్క గూట్ల పెట్టిన,
కత్తెర పక్కన.

మొదటి వారం ఏం లే.
రెండో వారం, బేస్తారం నాడు,
నీలం పేక అయిపోయి ఎర్ర పేకకు వంగిన.
వంగి, లేసిన.
లేసినంక యాదికొచ్చింది,
లేసేటప్పుడు "అమ్మా" అననే లేదని.

ఎవ్వలు నమ్ముతరు? నేనే నమ్మలే.
మల్లోపారి వంగి చూసిన.
నొప్పి ఉన్నది. ఉన్నది గని,
ఇంటి నడుమల కూసున్నది లేసి
గడపకాడ కూసున్నది.

చిన్నప్పుడు మోకాలు గీసుకపోతే
మా మేనత్త ఉఫ్ అని ఊదేది.
ఆ ఊపిరిల మందు లేదని
ఆమెకు తెలుసు, నాకు తెలుసు,
మోకాలుకు గూడ తెలుసు.
అయినా మోకాలు ఏడుపు ఆపేది.

నిండుగున్నయని చెప్పి చేతుల పెట్టినయి
శాన చూసిన ఈ ఊర్ల:
సొసైటీ పాసుబుక్కు,
మిల్లు మల్ల తెరుస్తమన్న మాట,
రాజవీరు "రేపటిసంది తాగ".
మూత తీస్తే అన్నీ ఉత్తయే.
ఇదొక్కటే
ఉత్తదని చెప్పి ఇచ్చిండ్రు.

పక్క మగ్గం రుక్కుంబాయి వచ్చి
"నాకో రెండియ్యి వదినా" అన్నది.
ఎందుకే అంటే, కొంగు జరిపి
రొమ్ముల గడ్డ ముట్టి చూపిచ్చింది.
ఆర్నెల్లాయెనట. ఎవ్వలకు చెప్పలేదట.
డబ్బా ఇయ్యలే నేను.
గడ్డ నా నడుమోలె మాట వినే జాతి కాదు.
మగ్గం బందు వెట్టి, రెక్క వట్టుకొని
దవాఖానకు గుంజుకపోయిన.
ఆ లైన్ల మూడు గంటలు నిలవడితె
నడుము గడప దాటి
మల్ల ఇంట్లకొచ్చి కూసున్నది.
కూసుంటె కూసోనీ.

మూడు వారాలైనంక
నొప్పి పదిల ఎంత అని అడిగింది తహసీనమ్మ.
వచ్చిన్నాడు ఎనిమిదన్న.
కలం పట్టుకొని నా మొఖం దిక్కు చూస్తున్నది,
మూడంటే పిల్ల సంబురపడేటట్టున్నది.
"ఐదు" అన్న. మల్ల ఆలోచన చేసి
"ఐదున్నర రాసుకో బిడ్డా" అన్న.
నాకు అబద్ధం చెప్పని దానికి
నేనెట్ల చెప్త?

ఇంక గోలీలు లేవట. చదువు అయిపోయిందట.

పొద్దుమూకంగ ఇప్పటికీ మగ్గం ఆపుత.
ఆ జాముకు చెయ్యి దానంతలదే గూట్లకు పోతది.
చెంబెడు నీళ్ళు తాగి రెండు నిమిషాలు కూసుంట.
నడుము అడుగుతది: ఏమిచ్చినవ్?
నీళ్ళు, అంట.
అందుల ఏమున్నది?
ఏం లేదు, అంట.
కొన్ని దినాలు
ఊకుంటది.